ఒక్క ప్రింటు, రెండు హాళ్లు

గుణదలలో సంజీవరావు మేనేజరుగా ఉన్న సినిమా హాలు పేరు చిన్న మాణిక్యం టాకీస్. పెద్ద మాణిక్యం పటమటలో ఉంది. రెండిటికీ యజమాని రామకోటేశ్వరరావు గారే. ఉయ్యూరు దగ్గర చెరుకు పండించే కుటుంబం వాళ్లది. తల్లి పేరు మీద పటమటలో హాలు కట్టించి, అది బాగా నడిచేసరికి అదే ఊపులో గుణదలలోనూ ఒకటి కట్టించారు. అయితే కొత్త బొమ్మ వచ్చినప్పుడు రెండు హాళ్లకీ రెండు ప్రింట్లు తెప్పించడానికి మాత్రం ఆయన మనసు ఒప్పుకునేది కాదు.

“పటమటలో అయిపోయిన రీలు గుణదలలో వేసుకుంటారు. మధ్యలో ఉన్నది కాస్త రోడ్డేగా,” అనేవారు.

ఆ కాస్త రోడ్డు మీద రీళ్ల డబ్బాలు మోసేవాడు మరియదాసు. నలభై ఏళ్ల మనిషి, ముగ్గురు పిల్లల తండ్రి. బక్కపలచగా ఉంటాడు కానీ సైకిలెక్కితే కాళ్లలో ఇంజను పెట్టినట్టే తొక్కుతాడు. డబ్బా వెనక క్యారియర్‌కి కట్టుకుని పటమటలో బయల్దేరి, కాలవ వంతెన దాటి, రైలు గేటు దాటి గుణదల చేరేవాడు. ఇక్కడ ఆడేసిన రీళ్లు తీసుకుని మళ్లీ వెనక్కి వెళ్లేవాడు. పటమటలో మ్యాట్నీ మొదలైన ముప్పావు గంటకి గుణదలలో మొదలయ్యేది. ఆ ముప్పావు గంటలోనే అక్కడ రీలు ఆడాలి, వెనక్కి చుట్టాలి, డబ్బాలో పెట్టాలి, మరియదాసు తొక్కాలి, గేటు తీసి ఉండాలి. రెండేళ్లపాటు అంతా సాఫీగానే జరిగింది. గుణదల జనానికి తాము చూస్తున్న బొమ్మ ఇంకొక ఊరి వాళ్లు అప్పుడే చూసి పంపిందన్న సంగతే పట్టలేదు.

డెబ్బై నాలుగు వేసవిలో వచ్చిందొక బొమ్మ. పాటలన్నీ జనం నోళ్లలో నానుతున్నాయి. మొదటివారం రెండు హాళ్లూ కిటకిటలాడాయి. సరిగ్గా ఆ వారంలోనే గుణదలలో బొమ్మ ఆగడం మొదలైంది.

ఇంటర్వెల్ దాకా బాగానే ఉండేది. ఆ తర్వాత ఒక రీలుకీ ఇంకొక రీలుకీ మధ్య తెర తెల్లబోయేది. రీలు మార్చేటప్పుడు కాసేపు లైట్లు వేయడం మామూలే కాబట్టి మొదట ఎవరూ పట్టించుకోలేదు. కాసేపు కాస్తా చాలాసేపయ్యేసరికి నేల టికెట్ల వాళ్లు ఈలలు, బెంచీల వాళ్లు చప్పట్లు మొదలుపెట్టారు. కుర్చీల వాళ్లు తలలు తిప్పి వెనక కిటికీ వైపు చూసేవాళ్లు. హాల్లో సంతోషంగా ఉన్నవాడు సోడాల వాడొక్కడే.

ఒకరోజు హీరోయిన్ తండ్రి చెంప పగలగొట్టడానికి చెయ్యెత్తిన చోట రీలు అయిపోయింది. ఎత్తిన చెయ్యి దిగకుండానే లైట్లు వెలిగాయి. మరియదాసు జాడ లేదు. జనం బెంచీలు ఎత్తి కొట్టడం మొదలెట్టారు. ఏం చేయాలో తోచక సంజీవరావు తెర ముందుకి వెళ్లి నిలబడ్డాడు.

“బాబూ, కాస్త ఆగండి. ఆ దెబ్బ పడదు,” అన్నాడు.

ఎత్తిన బెంచీలు కిందికి దిగాయి.

“ఎందుకు పడదండీ?” అని నేల మీంచి ఒకాయన అడిగాడు.

“ఎందుకంటే అప్పుడే గుమ్మంలోకి మేనమామ వస్తాడు.”

ఇక అక్కణ్ణుంచి సంజీవరావు కథ చెప్పుకుంటూ పోయాడు. చెప్పేకొద్దీ అతనికే హుషారొచ్చింది. మేనమామ గొంతు ఒకటి, తండ్రి గొంతు ఒకటి పెట్టాడు. కోర్టు సీను సగంలో ఉండగా మరియదాసు డబ్బాతో వచ్చాడు. లైట్లు ఆరిపోతుంటే ఎవరో “ఆ కోర్టు సంగతి కానిచ్చి పోండి మేనేజరు గారూ” అని అరిచారు.

ఆ పూటకి గండం గడిచింది కానీ, రోజూ కథ చెప్పి హాలు నడపలేడు కదా.

కబురు రామకోటేశ్వరరావు గారి చెవిన పడింది. పటమట హాలు ఆఫీసు గదిలో సంజీవరావునీ మరియదాసునీ నిలబెట్టి అడిగారు.

“ఎక్కడ ఆగుతున్నావు మరియదాసూ?”

“ఎక్కడా ఆగట్లేదండీ. గేటు పడితే ఆగుతున్నానండీ.”

“గేటు రెండేళ్లుగా లేదా? ఇప్పుడే కొత్తగా పెట్టారా?”

“ఉందండీ. ఇదివరకు ఏలూరు ప్యాసింజరు రాకముందే దాటేసేవాణ్ణి. ఇప్పుడు నేను వెళ్లేసరికి వేసేస్తున్నారు.”

“అంటే నువ్వే నెమ్మదించావన్నమాట. కాళ్లు ముసలివైపోతున్నాయి నీకు.”

మరియదాసు మొహం వాడిపోయింది. పటమట ఆపరేటరు తిరుపతిరావుని పిలిచి అడిగితే, రీలు అయిపోయిన మరుక్షణం చుట్టి ఇచ్చేస్తున్నానని తన మిషన్ మీద ఒట్టు వేసి చెప్పాడు. ఆ మాట అబద్ధం కాదు. రీలు అయిపోగానే ఇస్తూనే ఉన్నాడు.

రామకోటేశ్వరరావు గారు ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టారు. పటమటలో ఆట పావుగంట ముందుగా మొదలుపెట్టమన్నారు. అంత వ్యవధి ఉంటే ఏ రైలొచ్చినా ఇబ్బంది ఉండదని ఆయన ధీమా. తీరా ఆట ముందుకి జరిపేసరికి మరియదాసు గేటు దగ్గరికి వచ్చే వేళలన్నీ మారిపోయి, ఇంటర్వెల్‌కి ముందు అదివరకు ఎన్నడూ ఎరగని గూడ్సుబండి ఒకటి ఎదురవడం మొదలుపెట్టింది. ఇదివరకు ఇంటర్వెల్ తర్వాతే ఆగే బొమ్మ ఇప్పుడు ముందూ ఆగింది, తర్వాతా ఆగింది. మూడో రోజుకి పాత వేళలకే వచ్చేశారు.

అన్నిటికంటే చిత్రం, ఒక్కొక్క రోజు అసలు ఏ ఇబ్బందీ ఉండేది కాదు. రైలు సరైన టైముకి వస్తే రీలు లేటు. రైలు లేటైతే రీలు టైముకి. సంజీవరావుకి మతి పోయింది.

“ఇంకొక్క ఆదివారం చూస్తాను. అప్పటికీ ఇంతే అయితే వేరే మనిషిని పెట్టుకుందాం. పాపం మరియదాసుని హాలు గుమ్మం దగ్గర టికెట్లు చింపడానికి వేద్దాం,” అన్నారు రామకోటేశ్వరరావు గారు. ఆయన చెడ్డ మనిషి కాదు. అయితే మరియదాసు లాంటివాడికి సైకిలు తీసేసి టికెట్లు చింపమనడం ఎలాంటిదో సంజీవరావుకి తెలుసు.

మర్నాడు సంజీవరావు ఒక సైకిలు అద్దెకి తీసుకున్నాడు. పటమటలో పాన్‌షాపు చాటున నిలబడి, మరియదాసు డబ్బాతో బయల్దేరగానే వెంటపడ్డాడు. ఎండ మాడ్చేస్తోంది. వంతెన ఎక్కేసరికే సంజీవరావు నాలుక పిడచగట్టుకుపోయింది. ముందున్న తెల్ల చొక్కా చిన్నదై, ఇంకా చిన్నదై మలుపులో మాయమైంది. కనిపించినంతసేపూ మరియదాసు ఏ టీకొట్టు దగ్గరా ఆగలేదు, ఎవరితోనూ మాట కలపలేదు. సంజీవరావు రొప్పుతూ గేటు దగ్గరికి వెళ్లేసరికి గేటు వేసి ఉంది. మరియదాసు వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు. చేతిలో మంచినీళ్ల ముంత ఉంది.

“తాగండి మేనేజరు గారూ. గేట్‌కీపర్ని అడిగి తెచ్చాను. వంతెన దగ్గరే చూశాను మిమ్మల్ని. ఆగుదామంటే చేతిలో రీలుందాయె.”

సంజీవరావు నీళ్లు తాగాడు. ఎండకి ఎర్రబడిందో సిగ్గుకి ఎర్రబడిందో గానీ మొహం కందిపోయింది.

“ఏమీ అనుకోకు మరియదాసూ.”

“అనుకోడానికేముందండీ. మీరు చూశారు, అదే చాలు. ఇంకెవరడిగినా మీరే చెబుదురు గాని.”

దోషం రోడ్డులో లేదు. అంతవరకు తేలింది. మరి ఎక్కడుంది?

సంజీవరావు భార్య మార్త అక్కడే ఆడపిల్లల బడిలో సంగీతం టీచరు. ఆదివారాలు ప్రార్థనకి గుడిలో హార్మోనియం వాయిస్తుంది. వాళ్ల ఇల్లు హాలు వెనక గోడకి ఆనుకునే ఉంటుంది. అందుకని ఏ బొమ్మ ఆడినా దాని పాటలన్నీ వద్దన్నా ఆమె చెవిన పడతాయి. ఈ బొమ్మలో పడవ మీద పాట ఒకటి ఆమెకి బాగా నచ్చింది. కూరలు తరుగుతూ పాడుకునేది, తీరికైతే హార్మోనియం మీద వాయించుకునేది.

ఆ శనివారం మార్త పటమటలో ఉన్న తన పిన్ని శౌరమ్మని చూడడానికి వెళ్లింది. శౌరమ్మ పట్టుబట్టి ఆమెని మ్యాట్నీకి తీసుకుపోయింది. సాయంత్రం ఇంటికొచ్చాక అన్నం వడ్డిస్తూ మార్త అంది.

“ఏమండీ, నా చెవుల్లో ఏదో తేడా వచ్చిందేమో చూపించుకోవాలండీ.”

“ఏమైంది?”

“పటమటలో ఆ పడవ పాట వింటుంటే అదేదో వేరే పాటలా ఉంది. నేను కూడా పాడదామని గొంతు కలిపితే కలవదే. శృతి దిగిపోయింది. హీరోయిన్ గొంతు జలుబు చేసినట్టుంది. హీరో అయితే నూతిలోంచి మాట్లాడుతున్నట్టున్నాడు. పిన్నినడిగితే ‘అబ్బాయిది గంభీరమైన గొంతమ్మా’ అని మురిసిపోతోంది.”

సంజీవరావు ముద్ద కలుపుతూ ఆగిపోయాడు.

“మన హాల్లో అలా లేదుగా?”

“లేదు. మన దగ్గర పాట, రేడియోలో వచ్చే పాట, నా పెట్టె మీద మెట్టు, మూడూ ఒకటే. అక్కడే తేడా.”

గ్రామఫోను సరిగ్గా తిరక్కపోతే పాట ఎలా సాగదీసినట్టు వస్తుందో సంజీవరావు చిన్నప్పుడు చూశాడు. శృతి దిగిందంటే రీలు నెమ్మదిగా తిరుగుతోందన్నమాట. నెమ్మదిగా తిరిగితే ఆలస్యంగా అయిపోతుంది. ఆలస్యం కొంచెమే కావచ్చు. కానీ ఆ కొంచెం చాలు, ఏలూరు ప్యాసింజరుకి గేటు పడిపోవడానికి. గేటు పడితే కొంచెం కాస్తా బోలెడవుతుంది. అన్నం చెయ్యి కడుక్కోకుండానే లేచి నిలబడ్డాడు.

“ఎక్కడికండీ?”

“ఎక్కడికీ లేదు. సంతోషం ఆగక లేచాను.”

ఆదివారం ఉదయం గుడి అయ్యాక ఇద్దరూ హార్మోనియం రిక్షాలో పెట్టించుకుని పటమట వెళ్లారు. మరియదాసు వెనకాలే సైకిలు మీద వచ్చాడు. హాల్లో ఊడ్చేవాళ్లు తప్ప ఎవరూ లేరు. సంగతి వినగానే తిరుపతిరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“నా మిషన్‌కి శృతి తగ్గిందా? పదేళ్లుగా చూస్తున్నాను దీన్ని. మీ గుణదల మిషనే పరుగులు పెడుతోందేమో, అది చూసుకున్నారా?”

“రేడియోతో సరిచూశానండీ. గుణదల మిషన్ రేడియోతో కలుస్తోంది,” అంది మార్త నెమ్మదిగా.

“అయితే వినిపించండమ్మా. తప్పుంటే ఒప్పుకుంటాను.”

అప్పుడే రామకోటేశ్వరరావు గారు కూడా వచ్చారు. హాలు మధ్యలో బెంచీ మీద హార్మోనియం పెట్టి మార్త కూర్చుంది. తిరుపతిరావు పడవ పాట ఉన్న రీలు ఎక్కించి మిషన్ నడిపాడు. మార్త షడ్జమం మెట్టు నొక్కి పట్టుకుంది. తెర మీద పడవ కదిలింది, పాట మొదలైంది.

కలిసింది. వెంట్రుకవాసి తేడా లేకుండా పాటా పెట్టే ఒక్కటిగా పలికాయి.

మార్త చెయ్యి తీసేసింది. చెవులు వేడెక్కాయి. తిరుపతిరావు పై కిటికీలోంచి తల బయటపెట్టి చూశాడు. గెలిచినవాడిలా నవ్వలేదు గానీ నవ్వు ఆపుకుంటున్నట్టు తెలుస్తూనే ఉంది.

“పోనీలెండమ్మా. నిన్న మీకు పడిశం పట్టిందేమో,” అన్నారు రామకోటేశ్వరరావు గారు.

సంజీవరావు అక్కడే నిలబడి ఆలోచిస్తున్నాడు. భార్య చెవి మీద అతనికి అనుమానం లేదు. మరియదాసు కాళ్ల మీదా లేదు. గుణదలలో బొమ్మ ఏ రోజు ఆగినా ఇంటర్వెల్ తర్వాతే ఆగింది, పావుగంట ముందుకి జరిపిన ఆ రెండు రోజులూ తప్ప. మరి ఇంటర్వెల్‌కి ముందు పటమట మిషన్ బాగానే తిరుగుతోందన్నమాట.

“తిరుపతిరావు గారూ, ఆ పడవ పాట బొమ్మలో ఎక్కడొస్తుంది?”

“చివర్లో కదయ్యా. క్లైమాక్సుకి ముందు.”

“అది వచ్చేసరికి మిషన్ రెండు గంటలు తిరిగి ఉంటుంది. ఇప్పుడు మీరు చల్లటి మిషన్ మీద వేశారు. ఒక పని చేద్దామండీ. మొదటి రీలు దగ్గర్నుంచీ వరసగా నడపండి. తర్వాత ఈ పాట మళ్లీ వేద్దాం.”

“ఎవరూ లేని హాల్లో బొమ్మంతా ఆడించమంటావా?” అన్నారు రామకోటేశ్వరరావు గారు.

“అదేం మాట,” అంది మార్త, “నేను చూస్తానండీ.”

తిరుపతిరావు ఒక్క క్షణం చూసి, “సరే, నాకూ తెలియాలి,” అని లోపలికి వెళ్లిపోయాడు.

అలా ఖాళీ హాల్లో బొమ్మ మొదలైంది. రామకోటేశ్వరరావు గారు కాసేపు బయటికీ లోపలికీ తిరిగి, ఆఖరికి ఒక కుర్చీలో స్థిరపడ్డారు. ఆయన తన హాల్లో బొమ్మ మొదటినుంచీ చూడడం అదే మొదలట. ఊడ్చేవాళ్లు చీపుళ్లు పక్కన పెట్టి నేల మీద కూర్చున్నారు. మరియదాసు టీలు తెచ్చాడు. మార్త మధ్యమధ్యలో పాట వచ్చినప్పుడల్లా మెట్టు నొక్కి చూసేది. రెండో పాట కలిసింది. మూడో పాటకి ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

“దిగుతోంది,” అంది.

“నాకేం తేడా తెలియట్లేదే,” అన్నారు రామకోటేశ్వరరావు గారు.

“మెల్లిగా దిగుతోంది కదండీ, అందుకే తెలియదు.”

పడవ పాట వచ్చింది. మార్త పొద్దున నొక్కిన మెట్టే నొక్కింది. ఈసారి పాట ఒక దారిన, పెట్టె ఒక దారిన పోయాయి. రెండూ కలిసి చెప్పులో రాయిలా చెవిలో గుచ్చుకున్నాయి. ఊడ్చే ఆవిడ కూడా “అబ్బ, ఆపమ్మా” అని చెవులు మూసుకుంది.

మార్త వేళ్లు జరిపి కింది మెట్టు నొక్కింది. పాట వచ్చి దాని మీద మెత్తగా కూర్చుంది.

పైన తిరుపతిరావు మిషన్ ఆపేశాడు. రేకు విప్పుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఆయనే పిలిచాడు.

“సంజీవరావ్, ఒకసారి పైకి రా. బాబుగారూ, మీరూ రండి.”

అందరూ మెట్లెక్కి వెళ్లారు. తిరుపతిరావు మిషన్ పక్క రేకు విప్పేసి ఉంచాడు. మోటారుకీ మిషన్‌కీ మధ్య తిరిగే తోలు బెల్టుని రెండు వేళ్లతో పట్టుకుని చూపించాడు. అది చేపలా జారుతోంది. పైన నూనె గిన్నెకున్న సీల వదులై, అందులోంచి నూనె చుక్క చుక్కగా బెల్టు మీద పడుతోంది.

“చల్లగా ఉన్నప్పుడు నూనె చిక్కగా ఉండి కారట్లేదు. మిషన్ వేడెక్కాక పలచబడి బెల్టు మీద పడుతోంది. మోటారు తిరుగుతోంది, బెల్టు జారుతోంది. నేను రోజూ దీని పక్కనే కూర్చుంటున్నానే గానీ, ఈ రొదలో పాట శృతి నాకెలా తెలుస్తుంది? లైటు బాగుందా, బొమ్మ స్పష్టంగా ఉందా, అంతే చూస్తాను.” అని మార్త వైపు తిరిగాడు. “టీచరమ్మా, నా మిషన్‌కి రోగం మీరు చెప్పారు. ఇంక మందు నేను వేస్తాను.”

అక్కడికక్కడే సీల మార్చి బిగించాడు. పాత బెల్టు తీసేసి బీరువాలోంచి కొత్తది తీసి ఎక్కించాడు. పని చేస్తున్నంతసేపూ ఆ పడవ పాటే కూనిరాగం తీశాడు. ఆయన శృతి సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

రామకోటేశ్వరరావు గారు మెట్లు దిగుతూ మరియదాసు భుజం మీద చెయ్యి వేశారు.

“నోరు జారాను మరియదాసూ. నీ కాళ్లని అనవసరంగా అన్నాను. మనసులో పెట్టుకోకు.”

“మనసులో బరువు పెట్టుకుంటే సైకిలు ఏం కదుల్తుందండీ,” అన్నాడు మరియదాసు.

ఆయన పెద్దగా నవ్వి, ఆ పూట అందరికీ హోటలు నుంచి భోజనాలు తెప్పించారు.

మధ్యాహ్నం మ్యాట్నీకి సంజీవరావు గుణదల హాలు గుమ్మంలో కాచుకుని ఉన్నాడు. ఆదివారం కదా, జనం విరగబడ్డారు. ఇంటర్వెల్ అయింది. ఒక రీలు ఆడుతూ ఉండగానే మరియదాసు తర్వాతి డబ్బాతో వచ్చేశాడు. ఆ తర్వాతదీ అంతే. ఆఖరి డబ్బా తెచ్చినప్పుడు సైకిలు స్టాండు వేసి, తువ్వాలుతో మొహం తుడుచుకుని చెప్పాడు.

“నేను ఇవతలికి దాటాక గేటు వేశారండీ. ప్యాసింజరు డ్రైవరు నాకు చెయ్యి కూడా ఊపాడు.”

“నీకా?”

“నేను ముందు ఊపాన్లెండి.”

లోపల బొమ్మ ఎక్కడా ఆగకుండా సాగిపోతోంది. సంజీవరావుకి చేయడానికి పనేమీ లేదు. కాసేపు వరండాలో పచార్లు చేశాడు. సోడాల వాడు గల్లాపెట్టె దగ్గర నీరసంగా కూర్చుని ఉంటే వాడి దగ్గర ఒక సోడా కొని తాగాడు. తర్వాత గుమ్మానికున్న పరదా తొలగించి హాల్లోకి తొంగి చూశాడు. కుర్చీల్లో చివరి వరసలో మార్త కూర్చుని ఉంది. పొద్దున సగంసేపు మెట్లు నొక్కుతూ చూసినందువల్ల కథ సరిగా ఎక్కలేదని, మళ్లీ చూడడానికి వచ్చింది. పక్క కుర్చీలో తన సంచి పెట్టుకుంది.

అతను వెళ్లి ఆ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పెళ్లయి ఆరేళ్లవుతున్నా ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒక్క బొమ్మ కూడా చూడలేదు. అతనికెప్పుడూ గుమ్మం దగ్గరే పని.

“మీరేంటి ఇక్కడ?” అని ఆశ్చర్యంగా అడిగింది మార్త.

“చూద్దామని వచ్చాను.”

“కథంతా మీకు తెలుసుగా. జనానికి చెప్పారు కూడాను.”

“చెప్పాను గానీ, ఆ మేనమామ ఎలా ఉంటాడో సరిగా చూడలేదు.”

తెర మీద పడవ పాట మొదలైంది. ఈసారి అది ఎక్కడుండాలో అక్కడే ఉంది. మార్త సన్నగా గొంతు కలిపింది. ముందు వరసలో ఒకావిడ వెనక్కి తిరిగి చూసి, ఏమీ అనకుండా మళ్లీ తెర వైపు తిరిగింది. పాట సగంలో మార్త మొగుడికేసి చూస్తే అతను సంచి మీద రెండు చేతులూ పెట్టుకుని, తల వెనక్కి వాల్చి హాయిగా నిద్రపోతున్నాడు. మార్త అతన్ని లేపలేదు. గొంతు కొంచెం తగ్గించి, పాట చివరిదాకా పాడింది.